అనుమానపు పర్సు

ఇంటింటి ఖర్చులూ మాట్లాడే పర్సులే చూసుకుంటున్న కాలం. ఏలూరు కుట్టుమిషన్ల కొట్టులో కాత్యాయని మిషను కొనడానికి పర్సు గాజుపలక మీద వేలు పెట్టగానే ఎర్రదీపం వెలిగింది.

"మీ ఆయన్ని అడగనా?" అంది పర్సు.

"విడాకులై నెలైంది. డబ్బు నాది."

"తెలుసమ్మా. కానీ పన్నెండేళ్లుగా ఏది కొన్నా ఆయన్ని అడిగే కొన్నారు. ఇది మీరు కాదేమో, ఎవరో దొంగేమో! ఖాతా మూసేస్తున్నా."

రేపటినుంచి ఆమె బతుకంతా ఆ మిషను మీదే. కొట్టాయన అనుమానంగా చూస్తున్నాడు.

"ఆగాగు! ఒకటి అడక్కుండా కొన్నాను. ఆరేళ్ల క్రితం, కాకినాడ బస్సు టికెట్టు. మా అమ్మ దగ్గరికి."

పర్సు కాసేపు వెతికింది.

"నిజమే. కానీ ఆ బస్సు మీరు ఎక్కలేదు కదమ్మా?"

"ఇప్పుడెక్కుతున్నా. ఈ మిషనే నా బస్సు, టికెట్టు కొట్టు."