ముళ్ళ గోళీ

"నలభై మూడోసారి కూడా నున్నగానే వచ్చాయి సార్," అంది పరిశోధక విద్యార్థిని, ఏడుపు ఆపుకుంటూ.

మైక్రోస్కోపు తెర మీద, కంటికి ఆనని మాంగనీస్ ఆక్సైడ్ గోళీలు బోడిగుండ్లలా మెరుస్తున్నాయి. గోడ మీది ఫొటోలో మాత్రం, గైడు గారికి అవార్డు తెచ్చిపెట్టిన గోళీ ఒళ్ళంతా ముళ్ళతో ఠీవిగా ఉంది.

"ఆ ముళ్ళే కదమ్మా పొగలో విషాన్ని పట్టేది, బ్యాటరీలో కరెంటు దాచేది! నాకు మొదటిసారికే వచ్చాయి. చెయ్యి తిరగాలి. రేపు నిధులిచ్చే కమిటీ వచ్చేలోగా రాకపోతే నీ డాక్టరేటు మాట మర్చిపో," అన్నారు గైడు గారు.

మైక్రోస్కోపు నడిపే అక్క వరండాలోకి వెళ్ళొచ్చి, చిటికెడు పొడి అందులో పెట్టింది. తెర మీద ఫొటోలోని గోళీ ప్రత్యక్షమైంది. అవే ముళ్ళు.

గైడు గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "అదీ! ఏం కలిపారు? ఎంత వేడి చేశారు?"

"ఏమీ కలపలేదు సార్. పొద్దుతిరుగుడు పువ్వు పుప్పొడి. మీరు ఆ ఫొటో తీసినప్పుడు ఇక్కడ ఏసీ లేదు, వరండాలోని పూలకుండీ అప్పుడు ఈ కిటికీలోనే ఉండేది. గాలికి ఎగిరొచ్చి పడుంటుంది."

విద్యార్థినికి గుండెల మీది బరువు దిగింది. తప్పు తన చేతిది కాదు. ఇక ఫొటో అచ్చేసిన పత్రికకి సార్ నిజం రాసేస్తారు, పాపం, అనుకుంది.

గైడు గారు కళ్ళద్దాలు తుడుచుకుని ఫొటో కేసి చూశారు, కిటికీ కేసి చూశారు, చివరికి అక్క కేసి తిరిగారు.

"ఆ ఏసీ కట్టేసి," అన్నారు మెల్లగా, "కుండీని మళ్ళీ కిటికీలో పెట్టండి."