సబ్బు సర్వే

కొంగ నా పొట్ట కొట్టడానికే పుట్టాడు. మా సర్వే కంపెనీ సూపర్‌వైజర్‌కి మేం పెట్టుకున్న పేరది. నేను సబ్బుల గురించి అడిగి వచ్చిన ఇళ్ళకు నా చాటున ఫోన్లు చేసి, నిజంగా వెళ్ళానా, చెట్టుకింద కూర్చుని రాసేశానా అని కూపీ లాగుతాడు. ఒక్క ఇంటి లెక్క దొంగదని తేలినా ఉద్యోగం ఊడుతుంది.

ఇవాళ అతని బల్ల ముందు నిలబడి అడిగేశాను.

"చాటుమాటు దేనికి సార్? నా ముందే చెయ్యండి, నేనూ వింటాను."

"వద్దులేవయ్యా, వెళ్ళి పని చూసుకో."

"ఏం, మీ గుట్టు బయటపడుతుందనా?"

అతను నిట్టూర్చి, నంబరు కలిపి స్పీకర్ నొక్కాడు. ఒకావిడ ఎత్తింది.

"మళ్ళీ మీరేనా? ఆ అన్నయ్య క్షేమంగా ఇల్లు చేరాడా? అడుగుతూ అడుగుతూ కుర్చీలోనే నిద్రపోయాడు పాపం. లేపబుద్ధి కాలేదు. లేచి మళ్ళీ మొదటినుంచీ అడిగాడు, నేనూ మళ్ళీ చెప్పాను."

ఫోను పెట్టేశాడు.

"ఈ మాటలు ఆవిడకి ఎవరు నేర్పారు?" అన్నాను.

"ఈ వారంలో ఇలా చెప్పింది ఈవిడ మూడో మనిషి. పైవాళ్ళకి నేను చెప్పలేదు. పోనీ, ఆ కుర్చీ ఎలా ఉందో చెప్పు."

కుర్చీయే కాదు, ఆవిడ ముఖం కూడా గుర్తు రాలేదు.

"ఇంటికెళ్ళి పడుకో. కూలిలో మాత్రం కోత పడుతుంది."

చిల్లరకు కూడా పోట్లాడేవాణ్ణి, సరేనని బయటికి నడిచాను. సగం రోజు కూలి పోయింది.