కనకమహాలక్ష్మి గారి అభ్యంతరం

సాయిబాబు వెంచర్‌కి ఒక్కటే అడ్డం మిగిలింది. ఆ అడ్డం మేడ మీద వడియాలు పెడుతోంది.

గుడివాడ దాటాక పామర్రు రోడ్డు పక్కన ఉంది అతను ప్లాట్లు వేయబోయే పొలం. మాస్టర్ ప్లాన్ మ్యాపులో దానిది ఆకుపచ్చ రంగు. ఆకుపచ్చంటే వ్యవసాయం, పసుపుపచ్చంటే ఇళ్ళు. పొలం ఎంత ఎండినా సరే, మ్యాపులో రంగు మారందే లేఅవుట్‌కి అనుమతి రాదు. రంగు మార్చాలంటే బందరు ప్లానింగ్ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు పేపర్లో ప్రకటన వేస్తారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే గడువులోగా చెప్పమని.

అలాంటి ప్రకటనల్ని లోకంలో ఇద్దరే చదువుతారు. రాసినవాడూ, అచ్చుతప్పులు దిద్దేవాడూ. ఈసారి మూడో మనిషి తేలింది. పొలం పక్క మేడలో అద్దెకుంటున్న కనకమహాలక్ష్మి. చదివి ఊరుకోలేదు. అభ్యంతరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది.

అభ్యంతరం ఒక్కటి వచ్చినా విచారణ జరపాలి. విచారణంటే ఫైలు ఆగినట్టే. ఈలోగా మూఢం వచ్చిందంటే రిజిస్ట్రేషన్‌కి ఒక్కడూ రాడు. సాయిబాబుకి నిద్ర కరువైంది. కేజీ బందరు లడ్డూ పట్టుకుని మేడ మెట్లెక్కాడు.

"అక్కయ్యగారూ, మీకేం అన్యాయం చేశానండీ?"

"నువ్వేం చేశావయ్యా, చేయబోతున్నావు గానీ." పిండి చేయి కడుక్కుని లడ్డూ అందుకుంది ఆవిడ. "పొద్దున్నే లేచి ఇటు చూస్తే కొంగలు కనిపిస్తాయి. రేపట్నుంచి ఏం కనిపిస్తుంది? నీ ప్లాను ఏదీ, చూడనీ."

సాయిబాబు ప్లాను పరిచాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, చీరల షాపులో అంచు చూసినట్టు చూసింది.

"వానొస్తే నీళ్ళెటు పోతాయి?"

"పోతాయి లెండి, ఎటో అటు."

"ఎటో అటంటే మా గుమ్మంలోకేగా. పెద్ద డ్రెయిన్ దాకా సిమెంటు కాలువ కట్టు. ఈ రోడ్డు ఇంత సన్నగా ఉందేం? అంబులెన్సు వస్తే రోగిని మోసుకెళ్ళాలా? ఉండు, కాఫీ తెస్తాను."

ఆవిడ లోపలికెళ్ళిన కాసేపటికి సాయిబాబు ఫోను మోగింది.

"ఆఁ, సూరయ్యగారూ! చెప్పండి. మీ పన్నెండో నంబరు ప్లాటు ఎదురుగా ట్రాన్స్‌ఫార్మరా? ఎక్కడో ఓచోట ఉండాలి కదండీ! కాలువా? అన్నీ చూద్దాం సార్, ముందు రిజిస్ట్రేషన్ కానివ్వండి." ఫోను జేబులో పడేశాడు.

కనకమహాలక్ష్మి కాఫీతో వచ్చింది. "ఎవరు నాయనా?"

"కస్టమరండీ, బందర్లో ఏదో ఉద్యోగం. మా ఏజెంటు చేత స్థలం బుక్ చేయించుకున్నాడు. నేను మొహమైనా చూళ్ళేదు గానీ రోజూ ఫోనే!"

"అనుమతి రాకుండా అమ్మకూడదటగా?"

"అమ్మలేదండీ, బుక్ చేశాను." సాయిబాబు నవ్వాడు. "అడ్వాన్స్ ఇచ్చినవాడు ఎక్కడికి పోతాడండీ? అలాంటివాళ్ళ మాటలు పట్టించుకుంటే వ్యాపారం సాగదు."

"పాపం," అంది ఆవిడ, పంచదార సరిపోయిందా అని అడుగుతూ.

తర్వాత మళ్ళీ ప్లాను మీదికి వంగింది. "పార్కుని ఆ మూల మురుగు పక్కన పడేశావేం? ఇటు తీసుకురా. ఇదిగో, ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నచోటికి. దాన్ని ఆ మూలకి తోసెయ్. కొంగలు పోయినా కాస్త పచ్చదనమైనా కనిపిస్తుంది."

"అలాగే చేద్దాం లెండి అక్కయ్యగారూ."

"నోటిమాట కాదు. గీయించి, ఆఫీసులో ఇచ్చి రా. లడ్డూ మాత్రం బాగుంది."

విచారణ రోజు బందరు ఆఫీసులో సాయిబాబు కొత్త ప్లాను బల్ల మీద పెట్టాడు. రోడ్డు వెడల్పయింది. కాలువ పెద్ద డ్రెయిన్ దాకా నీలం గీతగా సాగింది. పార్కు, ట్రాన్స్‌ఫార్మర్ చోట్లు మార్చుకున్నాయి. ప్లానింగ్ ఆఫీసరు ఝాన్సీ ఆశ్చర్యపోయింది.

"రూలు అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చారే! ఏం కనకమహాలక్ష్మిగారూ, మీ అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నారా?"

"ఈ ప్లాను మీద మీ సంతకం పడితే తీసుకుంటానండీ. తర్వాత మళ్ళీ మార్చడానికి కుదరదుగా?"

"కుదరదు. మార్చాలంటే మళ్ళీ మొదట్నుంచీ రావాలి."

"అయితే నాకే అభ్యంతరమూ లేదండీ. ఊరు పెరగద్దా మరి!"

సాయిబాబు వరండాలోకొచ్చి రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. ఫైలు కదిలింది. మూఢానికి ముందే రిజిస్ట్రేషన్లు అయిపోతాయి. ప్రాణం లేచొచ్చి చేతులు జోడించాడు.

"మీకో దండం అక్కయ్యగారూ. మీలాంటివారు నా కస్టమర్లలో ఒక్కరున్నా నేను ఊరొదిలి పారిపోయేవాణ్ణి!"

"అంత మాటనకు నాయనా, చల్లగా ఉండు," అని ఆవిడ మెట్లు దిగింది.

గేటు బయట ఆగి ఉన్న స్కూటర్ వెనక కూర్చుని, "ఇంక ఆ అబ్బాయికి ఫోన్లు చేసి విసిగించకండి, మన పన్నెండో నంబరు ఎదురుగా పార్కే వస్తోంది," అని మొగుడు సూరయ్య భుజం తట్టింది.