తొందర లేని ఆట

ముసలాయన మళ్లీ ఆట ఆపాడు.

చేతిలోని రెండు పేక ముక్కలు బల్ల మీద బోర్లించి, కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తీరిగ్గా తుడవడం మొదలుపెట్టాడు. చుట్టూ కూర్చున్నవాళ్లు నిట్టూర్చారు.

"పెద్దాయనా, ఎంతసేపు పొదిగినా ఆ ముక్కలు పిల్లల్ని చెయ్యవు. ఆడేదేదో ఆడు" అన్నాడు డ్వేన్.

ముసలాయన నవ్వాడు. "తొందరేముంది నాయనా? పొద్దు బోలెడుంది."

వెర్నాకు ఒళ్లు మండింది.

రీనో పట్టణంలో, నది ఒడ్డునున్న సిల్వర్ సేజ్ కాసినోలో మనిషి చేత్తో ముక్కలు పంచే బల్ల అదొక్కటే మిగిలింది. తక్కినవన్నీ తెరలే. తెర మీద బొమ్మ అమ్మాయి నవ్వుతూ పంచుతుంది. మీరు గెలిచినా అదే నవ్వు, నిండా మునిగినా అదే నవ్వు.

వెర్నా స్కూలు బస్సు నడిపి రిటైరైంది. భర్త హెరాల్డ్ ఉన్ననాటి నుంచీ ఈ కాసినో అలవాటు. అప్పట్లో జూదపు యంత్రం పిడి లాగితే నాణేలు రేకు పళ్లెంలో గలగలా రాలేవి. ఏరుకుంటుంటే వేళ్లు నల్లబడేవి. ఆ నల్లటి వేళ్లతోనే హెరాల్డ్ ఆమె ముక్కు గిల్లేవాడు. ఆమె నల్ల ముక్కుతో హోటల్లో కూర్చుని టిఫిన్ తినేది, వడ్డించే పిల్ల నవ్వేదాకా సంగతి తెలిసేది కాదు.

తర్వాత నాణేలు పోయి కాగితం చీటీలు వచ్చాయి. చీటీలు పోయి కార్డులు వచ్చాయి. హెరాల్డ్ కూడా పోయాడు.

ఇక ఆమెకు మిగిలింది ఈ బల్లే. సరదా కోసమని పక్కన పెట్టుకున్న కొద్దిపాటి డబ్బు తెచ్చుకుంటుంది. అది అయిపోయేసరికి భోజనాల వేళవుతుంది. డ్వేన్ ఎకసెక్కాలు, ముక్కలు పంచే నెనిత చెప్పే మనవరాలి అల్లరి, అడగకుండానే వచ్చే కాఫీ... ఓడి వెళ్లినా చుట్టాలింటికి వెళ్లి వచ్చినట్టుండేది.

ఈ ముసలాయనొక్కడే పంటి కింద రాయి. పేరేమిటో ఎవరూ అడగలేదు. డ్వేన్ మాత్రం తాబేలని పేరు పెట్టాడు. ఆయన పందెం బిళ్ల కింద పడేసుకుని వెతుకుతాడు. నెనిత మోకాలి నొప్పి ఎలా ఉందని అడుగుతాడు. తన చిన్నప్పుడు మంచు తుఫానులో తప్పిపోయిన గొర్రెల మంద గురించి మొదలుపెట్టి, అది దొరికిందో లేదో చెప్పకుండానే, "ఇప్పుడెవరి వంతు?" అంటాడు.

"మీదే" అంటారు అందరూ ఒక్కసారిగా.

ఆ రోజు వెర్నాకు ముక్కలు బాగా కలిసొస్తున్నాయి. సరిగ్గా అప్పుడే ఈ కళ్లద్దాల తుడుపు. ఆయన తేల్చేసరికి ఆమె జోరు చల్లబడింది. ఆ ఆట పోయింది, దాని వెనకే ఇంకొకటి.

"ఆడటం చేతకాకపోతే ఇంట్లో కూర్చోవచ్చుగా! మా పొద్దంతా మీరే తినేస్తున్నారు" అంది.

నెనిత నోరు తెరవబోయి ఆగిపోయింది.

"నిజమేనమ్మా" అన్నాడు ముసలాయన. "మీ కాఫీ చల్లారిపోయింది. వేడిది తెప్పించనా?"

చలికాలం మొదలయ్యాక ఆయన రావడం మానేశాడు.

డ్వేన్ కుర్చీ ముందుకు లాక్కుని, ఇక బండి పరుగెడుతుందన్నాడు. పరుగెత్తింది. ముక్కలు పడ్డాయి, బిళ్లలు పోయాయి, మళ్లీ ముక్కలు పడ్డాయి. వెర్నా కాఫీ సగం తాగకముందే ఆమె ముందు బల్ల ఖాళీ అయింది. నెనిత నెమ్మదిగా పంచబోతే, వెనక నిలబడ్డ కొత్త మేనేజరు చేతులు ఆడించమన్నాడు.

ఇంటికి చేరేసరికి సూర్యుడు ఇంకా నడినెత్తికి రాలేదు. టీవీ పెట్టింది, కట్టేసింది. కిటికీ దగ్గర కూర్చుంది. హెరాల్డ్ కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి గిన్నెలు మళ్లీ కడిగింది.

ఏదో దురదృష్టం అనుకుంది. తర్వాత వెళ్లినప్పుడూ అంతే. గిట్టుబాటు కావడం లేదని డ్వేన్ చేపలవేటకు మళ్లాడు. మిగతావాళ్లూ ఒకరి వెనక ఒకరు జారుకున్నారు. వసంతం వచ్చేసరికి నెనిత ఒక్కతే ఖాళీ కుర్చీలకు ఎదురుగా నిలబడేది. ఎవరూ కూర్చోని బల్లకు మనిషెందుకని కాసినో నడిపే కంపెనీ దాన్ని తీసేయాలని నిర్ణయించింది.

నెనిత చివరి రోజున వెర్నా వీడ్కోలు చెప్పడానికి వెళ్లింది. మాటల్లో ఆ ముసలాయన సంగతి అడిగింది.

"పోయాడు. శీతాకాలమంతా మంచంలోనే ఉన్నాడట. నేను వెళ్లి మట్టి వేసి వచ్చాను."

ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది. "పాపం, ఆట రాదు గానీ మంచి మనిషి" అంది చివరికి.

"ఆట రాకపోవడమా?" నెనిత ఖాళీ బల్లను అరచేత్తో నిమిరింది. "మీకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. చివరికి గెలిచేది కాసినోయే కదా, ఎంత ఎక్కువ ఆటలు పడితే మీ డబ్బు అంత తొందరగా అయిపోతుందని కావాలనే ఆపేవాడు. 'నువ్వు చకచకా పంచితే వీళ్లు చకచకా ఇంటికి పోతారు నెనితా. ఇంట్లో వీళ్లకెవరున్నారు?' అనేవాడు."

వెర్నా బల్ల అంచు పట్టుకుంది. "ఆయనకివన్నీ ఎలా తెలుసు?"

"తెలియకేం వెర్నా? తర్వాత కంపెనీకి అమ్మేశాడు గానీ, ఈ కాసినో కట్టించిందీ, చకచకా పంచమని మా అందరికీ నేర్పిందీ ఆయనే."