గుమ్మం ముందు వసారా

"తర్వాత రండి అని రాస్తావా? గుమ్మం దాకా వచ్చినవాళ్లకి?" మాణిక్యాంబ గారు ల్యాప్‌టాప్ తెరను వేలితో పొడిచినంత పని చేశారు.

పాలకొల్లులో ఆవిడ మిఠాయి కొట్టుకు వెబ్‌సైటు నడిపేది ఆశాజ్యోతి. ఓపిగ్గా మళ్లీ మొదలుపెట్టింది.

"పోయినసారి ఒక్క సర్వరే ఉంది ఆంటీ. జనమంతా దాని మీద పడేసరికి చతికిలబడింది. ఇప్పుడు మూడు పెట్టాను. వాటి ముందు ప్రాక్సీ అని ఒకటుంటుంది. గుమ్మంలో నిలబడే మనిషి అనుకోండి. వచ్చినవాళ్లని ఏ సర్వరు ఖాళీగా ఉంటే దాని దగ్గరికి పంపుతుంది. మూడూ నిండిపోతే మాత్రం..."

"వెళ్లిపొమ్మంటుంది. మా ఇంటా వంటా లేదమ్మా అలాంటి మర్యాద!"

పక్కనున్న శ్యాంబాబు నవ్వు ఆపుకోవడానికి కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. అతనూ ఆశాజ్యోతీ కలిసి పెట్టుకున్న కంపెనీకి ఈవిడే మొదటి కస్టమరు. ఇప్పటికి ఈవిడొక్కరే కస్టమరు కూడా.

"ఆదివారం ఆషాఢం సారె బుకింగు," అన్నారు మాణిక్యాంబ గారు. "మళ్లీ పడిపోయిందంటే సైటు తీసేసి, పూర్వంలాగే ఫోన్లో చెప్పించుకుంటా. ముందే చెబుతున్నా. లోపల ఖాళీ లేకపోతే వసారా ఒకటి పెట్టు."

"వసారానా?"

"ఇంటికొచ్చినవాళ్లని కూర్చోబెట్టమూ? ఊరికే కూర్చోబెడితే బాగోదు. ఏ ఊరండి, ఎవరి తాలూకండి అని అడగాలి. ఒకళ్లు చెప్పింది పక్కవాళ్లకి వినపడాలి. అప్పుడే పొద్దుపోతుంది."

ఆశాజ్యోతి అలాగే చేసింది. మూడు సర్వర్లూ నిండితే ప్రాక్సీ మిగతా జనాన్ని వసారా పేజీలో కూర్చోబెడుతుంది. అక్కడ ఒకరు రాసిన మాట అందరికీ కనిపిస్తుంది. లోపల చోటు దొరగ్గానే వాళ్లకి 'లోపలికి దయచేయండి' అని పచ్చ బొత్తాం వెలుగుతుంది. నొక్కితే కొట్లోకి వెళ్లి కొనుక్కోవచ్చు. వాళ్లు కదిలేదాకా కొత్తగా వచ్చినవాళ్లూ వసారాలోనే ఆగాలి.

ఆదివారం పొద్దున్న బుకింగు తెరిచారు. కొట్టు మీది గదిలో ఇద్దరూ తెరకు అతుక్కుపోయారు. జనం విరగబడ్డారు. ప్రాక్సీ తొణక్కుండా ఒకరిని ఇటు, ఒకరిని అటు పంపింది. మొదటి సర్వరు నిండింది. రెండోది, మూడోది కూడా నిండాయి. ఏదీ పడలేదు. వసారాలోకి జనం చేరుతున్నారు.

"నిలబడింది శ్యాం!"

కింద నుంచి నెయ్యి కాగుతున్న వాసన వచ్చింది. దాని వెనకే ఎవరూ అడక్కుండానే రెండు గ్లాసుల కాఫీ కూడా వచ్చింది. ఆశాజ్యోతికి ఆ కాఫీ అమృతంలా అనిపించింది.

గ్లాసు కింద పెట్టేసరికి ఆమె మొహం మారిపోయింది.

"ఇదేంటి, మూడూ ఖాళీ అయిపోతున్నాయి?"

"పోయాయా?"

"బతికే ఉన్నాయి. పలకరిస్తే పలుకుతున్నాయి. జనమే లోపలికి రావట్లేదు."

బొత్తాం వెలగడం లేదేమోనని ఆమె తన ఫోన్లో వసారా తెరిచింది. బొత్తాం పచ్చగా వెలుగుతూనే ఉంది. దాని కింద మాటలు వరద గోదారిలా పారుతున్నాయి.

"మాది ఆచంటండి."

"ఆచంటలో ఎవరి తాలూకండి?"

"పోస్టుమాస్టరు గారి రెండో కోడల్నండి."

"అయ్యో, ఆయన దగ్గరే కదండీ మా నాన్నగారు పనిచేసింది!"

తణుకాయనెవరో చిన్నప్పుడు తన బెంచీలో కూర్చున్న స్నేహితుణ్ణి అక్కడే పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకర్నొకరు ఒరేయ్ అనుకుంటుంటే చుట్టూ అందరూ మురిసిపోతున్నారు. ఆశాజ్యోతికి కంగారులోనూ నవ్వొచ్చింది.

"నా వంతు వచ్చిందండి, ఉంటాను," అని రాసింది సామర్లకోట ఆవిడ.

వెంటనే 'మీ ఆడపడుచు' అనే పేరుతో ఒకరు అందుకున్నారు. "అప్పుడే ఏంటండి వదినగారూ! వచ్చి ఎంతసేపయింది? కూర్చోండి."

సామర్లకోట ఆవిడ కూర్చుంది. ఇంకొకాయన లేవబోయాడు.

"అన్నయ్యగారూ, మీ అబ్బాయి ఉద్యోగం కబురు సగంలో ఆపేశారు," అంది ఆడపడుచు. ఆయనా ఆగిపోయాడు.

"ఎవరు శ్యాం ఈవిడ? లేచినవాళ్లనల్లా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేస్తోంది!"

"పోటీ కొట్టువాళ్లే. మన దగ్గర కొననివ్వకుండా ఆపుతున్నారు."

ఆశాజ్యోతి లేచింది. సైటును పడకుండా నిలబెట్టి కూడా ఉన్న ఒక్క కస్టమరునీ పోగొట్టుకోవాలా? మెట్లు రెండేసి దిగుతూ కిందికి పరిగెత్తింది.

మాణిక్యాంబ గారు కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, గల్లాపెట్టె వెనక ఫోను చూసుకుంటున్నారు. మొహం వెలిగిపోతోంది.

"చూశానమ్మాయ్. ఒక్క సర్వరూ పడలేదు. ఇక ఎప్పటికీ సైటు పని మీదే. దీపావళికి ఇంకో సర్వరు కూడా పెట్టు."

"అది కాదాంటీ, ఆర్డర్లు ఆగిపోయాయి. వసారాలో ఎవరో ఆడపడుచంట, ఒక్కళ్లనీ లోపలికి కదలనివ్వట్లేదు. మీరు ఊ అంటే ఇప్పుడే బయటికి నెట్టేస్తా."

మాణిక్యాంబ గారు ఫోనును మెల్లగా కొంగు చాటుకు జరిపారు.

"నెట్టకమ్మాయ్... వచ్చినవాళ్లు లేస్తామంటే 'అప్పుడేనా' అనకుండా నా నోరు ఊరుకోదే!"