సంత కూడలిలో దింపుడు కళ్ళం

రోడ్డు దాటే ప్రతి గుంపులో ఊపిరిని బట్టి మనుషులను లెక్కపెట్టే కొత్త సిగ్నళ్లు వచ్చాక మా టౌనులో పాడె కూడా ఎర్రదీపం దగ్గర ఆగాల్సిందే. అందుకే సన్యాసి పాడెను సంత కూడలిలోనే దించారు. మోసేవాళ్లు నలుగురు, ముందు నిప్పుకుండతో కూతురు పైడమ్మ, అంతే. ప్రాణముంటే పలుకుతాడని ఆచారం ప్రకారం తండ్రి చెవిలో మూడుసార్లు పిలిచింది. తలెత్తితే సిగ్నల్ బోర్డు మీద 'ఆరుగురు' అని ఉంది.

"సిన్నాన్నా, ఆరుగురంటోంది!"

"కుక్కనీ లెక్కెట్టేస్తాదే అది. పచ్చ పడిపోనాది, ఎత్తండెహె!" అన్నాడు మోసేవాళ్లలో ఒకడైన గవరయ్య.

తండ్రి ముక్కు దగ్గర ఆమె వేలు పెట్టేలోపే వెనక హారన్లు మోగాయి. పాడె లేచింది.

శ్మశానం మలుపులో మళ్లీ ఎర్రదీపం పడింది. బోర్డు మీద 'ఐదుగురు' అని వచ్చింది.

"సూసినావా, ఇప్పుడు సరిగ్గా సెప్పింది," అన్నాడు గవరయ్య.