దగ్గుపెట్టె

మా వీధిలో ప్రతి గుమ్మానికీ దగ్గుపెట్టె ఉంటుంది. మందులకు లొంగని క్షయ దగ్గు కాసేపు ఆగకుండా వినబడితే అది తలుపు బిగించేస్తుంది, ఆసుపత్రి బండి వస్తుంది. మా ఆయన ఆ బండిలో వెళ్లి తిరిగి రాలేదు. అందుకని నా కూతురు పైడితల్లి దగ్గినప్పుడల్లా దిష్టి తీసి, ఎండుమిరపకాయలు నిప్పుల్లో వేస్తున్నాను. మిరపఘాటుకు వచ్చే దగ్గును పెట్టె పట్టించుకోదు.

"రోజూ దిష్టేటమ్మా? నానేటి సినిమా హీరోయిన్నా?" అని నవ్వేది.

ఈ ఉదయం దాని చంటిపాప దగ్గింది. నేను మిరపకాయలు అందుకోబోతే పైడితల్లి నా చెయ్యి పట్టుకుంది.

"ఆపమ్మా. నాయిన ఆలస్యంగా ఎల్లబట్టే పోయాడు."

పెట్టె ముందు నిలబడి ఆగకుండా గట్టిగా దగ్గింది. తలుపు బిగుసుకుంది.

"నన్నొదిలి ఎలిపోతావేటే?" అన్నాను.

"నెల్లాళ్ల నుంచి నువ్వూ దగ్గుతున్నావు కదా. రెండు చీరలు సర్దుకో," అంది.